మా బడి జమాఖర్చులు
(రేడియో ప్రసంగ పాఠం)

నేను ఒమాన్ దేశంలో షినాస్ అనే ఊరి నుంచి మాట్లాడుతున్నాను. మస్కట్ అంటే మీలో చాలామందికి తెలుసు, షినాస్ అంటే తెలియకపోవచ్చు. మస్కట్ నుంచి సముద్రం పక్కనే ఉత్తరంగా వస్తూ వస్తూ సొహార్ దాటి, లివా దాటి, ఇంక దేశం అయిపోతోంది అనుకునేచోట ఉంటుంది మా ఊరు. ఆ తరవాత ఖత్మత్ మలాహా చెక్‌పోస్టు, అది దాటితే ఎమిరేట్స్. ఇక్కడ ఒక కోట, ఒక చిన్న రేవు, మడ అడవి, ఖర్జూర తోటలు, చేపల పడవలు ఉన్నాయి. మా కోనసీమలో కొబ్బరి చెట్ల స్థానంలో ఖర్జూరం చెట్లు పెట్టి, కాలవల్లో నీళ్ళు తీసేస్తే కొంచెం ఇలాగే ఉంటుంది.

నేను ఒక కంపెనీలో ఎకౌంట్స్ చూస్తాను. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి ఆరో తరగతిలోకి వచ్చిన ఏడు మా ఇంట్లో ఒక వాదన మొదలైంది. ఆ వాదన గల్ఫులో ఉన్న ప్రతి తెలుగింట్లోనూ ఏదో ఒక సంవత్సరం మొదలవుతుంది. పిల్లల్ని ఇక్కడే ఉంచాలా, ఇంటికి పంపేయాలా? పంపితే వాళ్ళమ్మ కూడా వెళ్ళాలి. అంటే నేనొక్కణ్ణీ షినాస్‌లో, వాళ్ళు ముగ్గురూ అమలాపురంలో. ఫీజులు, వ్యాన్ ఖర్చు పెరిగాయి, తెలుగు రావడం లేదు, చదువు ఎలా ఉందో అర్థం కావడం లేదు అని నా వాదన. "ఎలా ఉందో అర్థం కాకపోతే ముందు అది కనుక్కోండి, తరవాత మమ్మల్ని పంపుదురుగాని" అని మా ఆవిడ వాదన.

నిజం చెప్పాలంటే నాలుగేళ్ళలో నేను ఒక్కసారి కూడా బడి మీటింగుకి వెళ్ళలేదు. టీ కొట్టు దగ్గర మాత్రం మేనేజ్‌మెంటుని రోజూ తిట్టేవాణ్ణి. ఆ ఏడు మొదటిసారి వెళ్ళాను. అక్కడ నేర్చుకున్నదీ, తరవాత కనుక్కున్నదీ ఇవాళ మీకు చెప్తాను. మా బడి పేరు చెప్పను. పేరుతో పని లేదు, చిన్న బడులన్నిటికీ కథ ఒకటే.

ముందు, ఈ బడి ఎవరిది?

1970లో ఒమాన్ మొత్తానికి మూడే బళ్ళు ఉండేవి. తొమ్మిది వందల మంది పిల్లలు, అందరూ మగపిల్లలే. ఆ ఏడు సుల్తాన్ ఖబూస్ వచ్చాక బళ్ళు పెరగడం మొదలైంది. అవి ఈ దేశపు పిల్లలకి, అరబిక్‌లో. రోడ్లూ, ఆస్పత్రులూ, ఆఫీసులూ కట్టడానికి వచ్చిన మనవాళ్ళ పిల్లలకి బడి కావాలి కదా. అలా 1975లో ఇండియన్ స్కూల్ మస్కట్ మొదలైంది. తరవాత మిగతా ఊళ్ళలోనూ వచ్చాయి. మా వైపు సొహార్, సహం, బురైమీ, దక్షిణాన సలాలా, ఎడారి వైపు ఇబ్రీ, నిజ్వా. ఇవాళ ఒమాన్‌లో ఇలాంటి భారతీయ బళ్ళు ఇరవై దాకా ఉన్నాయి.

వీటిని కమ్యూనిటీ స్కూళ్ళు అంటారు. ఈ మాట జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఇవి ఒమాన్ ప్రభుత్వ బళ్ళు కావు, అనుమతీ పర్యవేక్షణా మాత్రం ఇక్కడి విద్యాశాఖవి. భారత ప్రభుత్వ బళ్ళూ కావు, అయినా పాఠాలూ పరీక్షలూ సీబీఎస్ఈవి. లాభం కోసం పెట్టిన ప్రైవేటు బళ్ళు అసలే కావు. లాభం తీసుకునే యజమాని ఎవరూ లేరు. మరి యజమాని ఎవరు అంటే, ఫీజు కట్టేవాళ్ళే. అంటే మనమే. నాలుగేళ్ళుగా నేను తిట్టిన మేనేజ్‌మెంటులో నేనూ ఒక ముక్కనని ఆ మీటింగులో తెలిసింది.

ఈ బళ్ళన్నిటి పైనా ఒక బోర్డు ఆఫ్ డైరెక్టర్స్ ఉంది. అందులో కొందరు తల్లిదండ్రుల ఓట్లతో వస్తారు, కొందరు నియామకం మీద వస్తారు. ఓట్లు 2023 జనవరిలో జరిగినప్పుడు ఐదుగురిని ఎన్నుకున్నారు. ఓటేసింది మస్కట్ ప్రాంతంలోని బళ్ళ తల్లిదండ్రులు. బోర్డు కింద ప్రతి బడికీ ఒక స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంటుంది. రోజువారీ ఖర్చు, టీచర్ల నియామకం, బస్సులు, భవనం, ఇవన్నీ దాని చేతిలో పని. ఆ కమిటీలో ఉండేవాళ్ళు మనలాగే పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం వచ్చేవాళ్ళు. సీబీఎస్ఈ నిబంధనల్లో కూడా కమిటీలో తల్లిదండ్రులూ టీచర్లూ ఉండాలని ఉంది.

అమెరికాలో ఉన్న శ్రోతలకి ఇది వింతగా ఉండొచ్చు. మా తమ్ముడు టెక్సస్‌లో ఉంటాడు. అక్కడ ఊరి బళ్ళన్నీ కలిపి ఒక స్కూల్ డిస్ట్రిక్టు. బోర్డు సభ్యుల్ని ఊరంతా ఎన్నుకుంటారు, బడిలో పిల్లలు లేనివాళ్ళకి కూడా ఓటుంటుంది. ఎందుకంటే డబ్బు చాలావరకు ఇంటి పన్నులోంచి వస్తుంది. బాగా డబ్బున్న డిస్ట్రిక్టుల నుంచి కొంత తీసి లేనివాటికి ఇచ్చే చట్టం కూడా అక్కడ 1993లో వచ్చింది. మా దగ్గర ఇంటి పన్నూ లేదు, ఆ సర్దుబాటు చట్టమూ లేదు. చిన్న బడికి చిన్న డబ్బు, అంతే.

మన ఆంధ్రప్రదేశ్‌లో సంగతి ఇంకోలా ఉంటుంది. మా నాన్నగారు మండల పరిషత్ బడిలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన జీతం సర్కారుది, బడి మండల పరిషత్తుది, అజమాయిషీ ఎంఈవోది. తల్లిదండ్రులకి బడిలో చోటివ్వాలని 1998లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. తరవాత 2009 విద్యాహక్కు చట్టం, ప్రతి సర్కారు బడికీ ఒక కమిటీ ఉండాలనీ, అందులో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సగం మంది ఆడవాళ్ళుండాలనీ చెప్పింది. 2024 ఆగస్టులో ఆ కమిటీలకి రాష్ట్రమంతా ఎన్నికలు జరిగాయి. అదే ఏడు డిసెంబర్ 7న ఒకేరోజు అన్ని సర్కారు బళ్ళలో తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. ఫోన్లో ఈ సంగతి చెప్తూ నాన్నగారు, "ఇక్కడ తల్లిదండ్రులకి కుర్చీ వేశారు గానీ డబ్బు సంచీ మాత్రం పైవాళ్ళ దగ్గరే ఉందిరా. మీకు సంచీ ఉంది, కుర్చీలో కూర్చునేవాడే లేడు" అన్నారు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది.

ఇప్పుడు సంచీ సంగతికి వద్దాం. నేను మీటింగుకి వెళ్ళింది ఒక ప్రశ్నతో. "మా పిల్లలకి మూడో భాషగా తెలుగు ఎందుకు పెట్టరు?" సీబీఎస్ఈలో తెలుగు ఉంది, పదో తరగతి పరీక్షకి ఆంధ్ర తెలుగు, తెలంగాణ తెలుగు అని రెండు పేపర్లు కూడా ఉన్నాయి. మనవాళ్ళు తక్కువమందిమని చిన్నచూపు చూస్తున్నారని నా అనుమానం. లేచి అడిగాను. గొంతు కొంచెం పెద్దదే చేశాను. కమిటీలో ట్రెజరరుగారు నా మాట పూర్తిగా విని, "మీరు ఎకౌంట్స్ చూస్తారట కదా, వచ్చేవారం రండి, కలిసి లెక్క వేద్దాం" అన్నారు. శుక్రవారం పొద్దున్న వెళ్ళాను. రెండు గంటలు కూర్చున్నాం.

అసలు అంకెలు మీకు చెప్పను. అదే పద్ధతిలో ఒక ఊహ లెక్క చెప్తాను, కాగితం మీద రాసుకోండి. కేజీ రెండు తరగతులు, ఒకటి నుంచి పది దాకా, మొత్తం పన్నెండు తరగతులు. తరగతికి పాతికమంది. అంటే 300 మంది పిల్లలు. ఏడాదికి తలకి 300 రియాళ్ళ ఫీజు అనుకుందాం. మొత్తం 90,000 రియాళ్ళు. ఇది జమ.

ఇప్పుడు ఖర్చు. పన్నెండు తరగతులకి పద్ధెనిమిది మంది టీచర్లు. నెలకి 280 రియాళ్ళ చొప్పున ఒక్కొక్కరికి ఏడాదికి 3,360. పద్ధెనిమిది మందికి 60,480. ఆయాలు, వాచ్‌మెన్, ఆఫీసువాళ్ళు ఎనిమిది మంది, నెలకి 130 చొప్పున, 12,480. అద్దె, కరెంటు, వీసాలు, ఇన్సూరెన్సు, మరమ్మతులు, ల్యాబు సామాను కలిపి 14,000. కరెంటంటే ఇక్కడ ఏసీ. మే నెలలో ఏసీ పాడైతే ఆ తరగతి నడవదు. అన్నీ కలిపితే 86,960. మిగిలేది 3,040 రియాళ్ళు. ఏడాది మొత్తానికి ఈ బడి చేతిలో మిగిలేది అంతే. రేపు ఒక ట్రాన్స్‌ఫార్మరో, బస్సు ఇంజనో పోతే ఇందులోంచే తియ్యాలి.

ఇప్పుడు నా తెలుగు టీచరు. ఏడాదికి 3,360. మిగిలేదేమో 3,040. ఆ కాగితం మీద నా కోపం అక్కడే ఆగిపోయింది.

ఇంకో వైపు నుంచి చూడండి. 3,000 మంది ఉన్న బడిలో ఒక టీచరుని అదనంగా పెడితే తలకి ఒక రియాలు, పైన 120 బైసాలు పడుతుంది. 300 మంది ఉన్న బడిలో తలకి 11 రియాళ్ళ 200 బైసాలు. అదే టీచరు, అదే జీతం. సంగీతం మాస్టారైనా, కౌన్సెలరైనా, కంప్యూటర్ ల్యాబైనా ఇదే సూత్రం. పెద్ద బడిలో ఉన్నది చిన్న బడిలో లేకపోతే వెంటనే దొంగతనం, అశ్రద్ధ అనుకుంటాం. చాలాసార్లు అది ఒట్టి భాగాహారం.

పిల్లలు వెళ్ళిపోవడం ఇంకా కష్టం. మా వైపు ఉద్యోగాలన్నీ సొహార్ రేవు, దాని చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు, కాంట్రాక్టులు. ఒక కాంట్రాక్టు అయిపోతే పది కుటుంబాలు ఒకేసారి వెళ్ళిపోతాయి. పదిమంది పిల్లలు తగ్గితే 3,000 రియాళ్ళు తగ్గినట్టు. మిగులు 40 రియాళ్ళకి వస్తుంది. పదిమందీ పది తరగతుల నుంచి ఒక్కొక్కరు చొప్పున వెళ్తారు కాబట్టి ఒక్క టీచరుని కూడా తగ్గించలేం. పాతికమందికి చెప్పినా, ఇరవై నలుగురికి చెప్పినా పాఠం ఒకటే, జీతం ఒకటే. అప్పుడు కమిటీ ముందు రెండే దారులు. ఫీజు పెంచాలి, లేదా జీతాలు పెంచకుండా ఆపాలి. ఫీజు పెంచితే మనం అరుస్తాం. జీతం ఆపితే మంచి టీచరు ఎమిరేట్స్‌కో, ఇండియాకో వెళ్ళిపోతుంది. ఆవిడ వెళ్ళిపోయాక మళ్ళీ మనమే అరుస్తాం.

ఆంధ్రలో సర్కారు బళ్ళకి ఈ భయం వేరే రూపంలో ఉంటుంది. జీతం ఆగదు, కానీ పిల్లలు తగ్గితే బడే పోతుంది. 2022లో జీవో 117 పేరుతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్ళలో కలిపేశారు. ఊళ్ళో గోల అయ్యింది, 2025లో దాన్ని పక్కనపెట్టి కొత్త పద్ధతి తెచ్చారు. నాన్నగారు పనిచేసిన బడి గురించి అడిగితే ముందు అడిగే ప్రశ్నలు ఇప్పటికీ రెండే: "పిల్లలెంతమంది? పంతుళ్ళెంతమంది?" చిన్న బడి బతుకంతా ఆ రెండంకెల మధ్యే ఉంది.

సరే, డబ్బు అర్థమైంది. మరి చదువు? పిల్లల్ని పంపాలా వద్దా అనేది దాని మీదే కదా ఆధారపడేది.

ఏటా ఫలితాలు రాగానే బళ్ళు ఫ్లెక్సీలు కడతాయి. "నూటికి నూరు శాతం ఉత్తీర్ణత" అని. ఈ అంకెని చదవడం నేర్చుకోవాలి. మొదటి సంగతి, పాసవడానికి కావలసింది నూటికి 33. రెండో సంగతి, సీబీఎస్ఈ మొత్తంలోనే పదో తరగతి ఉత్తీర్ణత 2023లో 93.12 శాతం, 2024లో 93.60, 2025లో 93.66. అంటే నూరు శాతం అనేది మంచిదే గానీ మహా గొప్పేమీ కాదు. 2021లో కోవిడ్ వల్ల పరీక్షలే పెట్టలేదు, బడిలో మార్కుల్ని బట్టి ఫలితాలిచ్చారు. ఆ ఏడు ఉత్తీర్ణత 99.04 శాతం. "2021లో మా బడి నూరు శాతం" అని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి.

మూడోది, చిన్న బడికి ముఖ్యమైనది. పదో తరగతిలో పన్నెండుమంది ఉంటే, ఒక్క పిల్లవాడు తప్పితే నూరు కాస్తా 91.7 అవుతుంది. దేశపు సగటు కంటే తక్కువ! ఆ పిల్లవాడికి పరీక్షరోజు జ్వరం వచ్చి ఉండొచ్చు. ఒక ఏడు అంకె చూసి చిన్న బడికి మార్కులు వెయ్యకూడదు. నాలుగైదేళ్ళ పిల్లల్ని కలిపి చూడాలి.

నాలుగోది, ఏ1 గ్రేడు. ఏ1 అంటే తొంభై దాటిన మార్కులని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు. సీబీఎస్ఈలో ఆ సబ్జెక్టు పాసైన వాళ్ళందర్నీ వరసలో నిలబెడితే పైన ఉన్న ఎనిమిదో వంతుకి ఏ1 ఇస్తారు. అంటే అది మీ అమ్మాయికి ఎంత వచ్చో చెప్పే మాట కాదు, ఎవరికంటే ముందుందో చెప్పే మాట.

అయిదోది, అన్నిటికంటే పెద్దది. ఫ్లెక్సీ మీద ఉన్న పిల్లల్ని కాదు, లేని పిల్లల్ని లెక్కపెట్టండి. రెండేళ్ళ కిందట తొమ్మిదిలో ఎంతమంది చేరారు? పదో తరగతి పరీక్ష ఎంతమంది రాశారు? మధ్యలో వెళ్ళినవాళ్ళు ఎందుకు వెళ్ళారు? మా దగ్గర ఎక్కువమంది తండ్రి ఉద్యోగం పోయి వెళ్తారు. అందులో బడి తప్పేమీ లేదు. కానీ చదువులో వెనకబడిన పిల్లల్ని "ఇండియాలో వేస్తే మంచిది" అని మెల్లగా సాగనంపితే, ఆ నూరు శాతానికి అర్థం లేదు. ఈ ప్రశ్న నేను మా బడిలో అడిగాను. ప్రిన్సిపాల్‌గారు రిజిస్టరు తెప్పించి ఒక్కొక్క పేరుకీ కారణం చెప్పారు. ఆరుగురిలో అయిదుగురు తండ్రుల బదిలీలు. ఒకడి గురించి మాత్రం, "వాడికి మేము ఇంకొంచెం చెయ్యాల్సింది" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఆ బడి మీద ఏ ఫ్లెక్సీ వల్లా రాని నమ్మకం వచ్చింది.

ఇంక తెలుగు సంగతి. టీచరుని పెట్టడం కుదరదని తేలింది. పిల్లలెంతమందో లెక్కపెడితే ఆరు నుంచి ఎనిమిది దాకా తెలుగు కావాలన్నవాళ్ళు పద్నాలుగు మంది. జీతం వాళ్ళ మీదే వేస్తే తలకి 240 రియాళ్ళు, దాదాపు ఇంకో ఫీజు. ఎవరూ ఒప్పుకోలేదు, నేను కూడా ఒప్పుకోలేదు. అప్పుడు ట్రెజరరుగారే ఒక దారి చెప్పారు. బడిలో లెక్కలు చెప్పే ఒకావిడ గుంటూరు వైపు వాళ్ళు. వారానికి రెండు పీరియడ్లు, బడి వదిలాక, బడిలోనే, కమిటీ అనుమతితో. ఆవిడకి చిన్న అలవెన్సు. ఇది మూడో భాష కాదు, మార్కుల జాబితాలో రాదు. రాయడం, చదవడం వస్తే చాలని మొదలుపెట్టాం.

అంతా బాగా జరిగిందని చెప్పను. రెండో ఏడాదికి పద్నాలుగు మంది తొమ్మిదిమంది అయ్యారు. ఒకటి రెండు కుటుంబాలు వెళ్ళిపోయాయి, మిగతావాళ్ళు "మార్కులు రావుగా" అని మానిపించారు. వ్యాను ఆ రెండు రోజులూ ఆగదు, కాబట్టి మేం తండ్రులం వంతులు వేసుకుని కార్లలో తీసుకొస్తున్నాం. ఒకరికి నైట్ డ్యూటీ పడితే ఆ వారం గందరగోళమే. అయినా నడుస్తోంది. మా అమ్మాయి వాళ్ళ తాతగారికి తెలుగులో ఉత్తరం రాసింది. ఆయన ఒత్తులు దిద్ది, ఫోటో తీసి తిరిగి పంపారు. పదకొండు తప్పులట. హెడ్మాస్టరుబుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇంట్లో వాదన ఏమైందని అడుగుతారేమో. పదో తరగతి అయ్యేదాకా ఇక్కడే ఉంచాలని అనుకున్నాం. ఆ తరవాత సంగతి ఇంకా తేలలేదు. నా కాంట్రాక్టు మీద కూడా ఆధారపడి ఉంది. అయితే ఇప్పుడు కనీసం తెలిసి నిర్ణయించుకున్నాం. అంతకుముందు టీ కొట్టు కబుర్లతో ఇల్లు రెండు ముక్కలు చెయ్యబోయాను.

వెళ్ళేముందు ఒక మాట. మీరు సొహార్‌లో ఉన్నా, దమ్మాంలో ఉన్నా, డల్లస్‌లో ఉన్నా, లేదా మన మండలంలోనే ఉన్నా, ఈ ఏడు మీ పిల్లల బడికి వెళ్ళి అయిదు ప్రశ్నలు అడగండి. ఈ బడిని నడిపేవాళ్ళని ఎవరు ఎంచుతారు, అందులో నాకు చోటుందా? వచ్చిన డబ్బులో జీతాలకి ఎంత పోతుంది? ఏడాది చివర ఎంత మిగులుతుంది, అది దేనికోసం? గత మూడేళ్ళలో ఎంతమంది టీచర్లు మానేశారు? చేరిన పిల్లల్లో పరీక్ష దాకా ఎంతమంది వచ్చారు? జవాబు వచ్చేదాకా కూర్చోండి. గొంతు పెంచకండి, దానివల్ల పని జరగదని నా అనుభవం. కాగితం, పెన్ను పట్టుకెళ్ళండి.

మా ట్రెజరరుగారి పదవీకాలం అయిపోవచ్చింది. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారని మొన్న అడిగారు. గది అంతా నిశ్శబ్దం. నాన్నగారి మాట గుర్తొచ్చింది. చెయ్యి ఎత్తాను. తీసుకుంటారో లేదో ఇంకా తెలియదు.